బత్తాయి కాయతో నీళ్ళు కొలిచిన రోజు

ఆ రోజుల్లో నేను దేన్ని చూసినా ముందు భయపడేవాణ్ణి, తర్వాత కొలిచేవాణ్ణి. కొలత తెలిస్తే భయం తగ్గుతుందని నా నమ్మకం. కుక్క ఎదురైతే దానికీ నాకూ మధ్య ఎన్ని అడుగులు, దాని పరుగెంత, నా సైకిల్ వేగమెంత అని మనసులోనే లెక్క కట్టేవాణ్ణి. (లెక్క తేలేలోపు కుక్క తన పని చేసుకుని వెళ్ళిపోయేది, అది వేరే సంగతి.) చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ పైన వచ్చిందంతా పాత కాగితాల కొట్టులో దొరికిన అట్టల్లేని పుస్తకాల నుంచీ, సూర్యాపేట మార్కెట్లో కాంటా దగ్గర బస్తాల తూకాలు రాసే పని నుంచీ నాకు నేనే నేర్చుకున్నది. ఇరవై ఆరేళ్ళు, పెళ్ళి కాలేదు, ఈత రాదు, ఒక సైకిల్ ఉంది. నా గురించి అప్పట్లో చెప్పుకోదగ్గ అంకెలూ వివరాలూ ఇంతే.

మా మేనత్త కొడుకు నాకంటే ఏడాది పెద్ద. నాకు బావ. భయం తెలియని మనిషి, లెక్క అసలే తెలియని మనిషి. ఆ యాసంగిలో, అంటే రబీ పంట రోజుల్లో, ఒకరోజు వచ్చి, "బామ్మర్దీ, సాగర్ ఎడమ కాలువ గట్టు మంచిగ చేసిన్రంట. మిర్యాలగూడ కాడ ఎక్కితే కోదాడ దాక ఒక్క గుంత లేదంట. పోదామా సైకిళ్ళ మీద?" అన్నాడు. ఆ మాటలో నాకు కాలువ అన్న ముక్క ఒక్కటే వినిపించింది. నిండుగా పారే నీళ్ళ పక్కన, అడ్డుగోడ లేని గట్టు మీద, రోజంతా ప్రయాణం. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో బావ, "కిలోమీటరు కిలోమీటరుకు రాయి కూడ పాతిన్రంట, నెంబర్లేసి" అన్నాడు. నా బలహీనత మా వాళ్ళందరికీ తెలుసు.

మొదటి రోజు పెన్‌పహాడ్ మీదుగా మిర్యాలగూడ చేరి మా చిన్నమ్మ ఇంట్లో పడుకున్నాం. మర్నాడు పొద్దున ఆరుంబావుకి గట్టెక్కాం. నిజం చెప్పాలంటే అంత మంచి దారి మీద నేను అంతకుముందు సైకిల్ తొక్కలేదు. ఎర్రమొరం పోసి రోలరుతో తొక్కించారు. తుమ్మ కంపను రెండు వైపులా కత్తిరించి దూరంగా పోశారు. కాలువ మీద కాపలా తిరిగే లష్కర్లు పొద్దున్నే రాలిన కొమ్మలు కూడా ఏరేస్తున్నారు. లారీ లేదు, హారన్ లేదు, ఎగుడు లేదు, దిగుడు లేదు. నీళ్ళు ఎటు పోతే దారి అటు పోతుంది, ఏ గుట్టనూ ఎక్కదు, పక్కనుంచి చుట్టి వస్తుంది. పల్చటి గాలి, అటువైపు పొట్టకొచ్చిన వరి. బావ రెండు చేతులూ వదిలేసి తొక్కుతున్నాడు. నేను మాత్రం దిగి దారి వెడల్పు కొలిచాను. పద్నాలుగు అడుగులు. నీటి అంచు నుంచి పదకొండు అడుగుల దూరంలో, కంప వైపు ఒదిగి తొక్కాలని నిర్ణయించుకున్నాను.

"నీళ్ళొచ్చి నిన్ను కరుస్తయారా?" అన్నాడు బావ వెనక్కి తిరిగి.

"కరవవు. నేనే వాటిలోకి పోతానని భయం."

"పోతే ఏమైతది? కోదాడకు నాకంటె ముందు చేరుతవ్."

అయినా నాకు సంతోషంగానే ఉంది. నా ముందు చక్రానికి ఎర్ర దారం కట్టాను, అది పైకి వచ్చినప్పుడల్లా ఒక చుట్టు. చుట్టుకు రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. ప్రతి రాయి దగ్గరా దిగి, నెంబరూ టైమూ నోటుబుక్కులో రాసుకుంటున్నాను. తూముల గోడల మీద నీటి మట్టం చూపడానికి తెల్లరంగుతో వేసిన అంకెలు కనిపిస్తే అవీ రాసుకుంటున్నాను. ఎందుకంటారా? కొందరికి పూలు కనిపిస్తే కోయాలనిపిస్తుంది చూడండి, అలాగే. (బావ పూలూ కోయడు, అంకెలూ రాయడు, ఎక్కడ పెసరట్టు దొరుకుతుందో మాత్రం గుర్తుపెట్టుకుంటాడు.)

హుజూర్‌నగర్ దాటాక, పది నలభైకి, ఒక తూము దగ్గర వంగి అంకె చూస్తుంటే నా నీడ పక్కన ఇంకో నీడ పడింది. తర్వాత ఇంకొకటి. లేచి చూస్తే పది పన్నెండు మంది, కొందరి చేతుల్లో కర్రలు. తూము కింద చింతచెట్టు నీడలో రెండు ట్రాక్టర్లు, వాటి చుట్టూ ఇంకో పాతికమంది. ఊరి పేరు చెప్పను. చెప్పకపోవడానికి కారణం మీకే తెలుస్తుంది.

"ఏం రాస్తున్నవ్?" అన్నాడు ముందున్నాయన. యాభై ఏళ్ళుంటాయి, తెల్ల చొక్కా, భుజాన కండువా, చేతిలో వెదురు కర్ర. మిగతావాళ్ళు ఆయన్ని పటేలా అంటున్నారు.

"అంకెలండీ."

"ఎవలు పంపిన్రు?"

ఎవరూ పంపకుండా ఒక మనిషి అంకెలు రాసుకుంటాడంటే నమ్మడం కష్టమేనని నాకప్పుడే తోచింది. నోటుబుక్కు ఆయన చేతిలోకి పోయింది. పేజీలు తిప్పుతున్నకొద్దీ ఆయన మొహం ముడుచుకుంది. ప్రతి తూముదీ మట్టం, ప్రతి మట్టానికీ టైము.

విషయం ఇదీ. ఆ యాసంగిలో కాలువ నీళ్ళు వంతుల మీద ఇస్తున్నారు. కొన్ని రోజులు తూము తెరుస్తారు, కొన్ని రోజులు మూస్తారు. ఆ రోజు సాయంత్రం ఆరింటికి వీళ్ళ వంతు ఖతం. మళ్ళీ తొమ్మిది రోజుల దాకా చుక్క రాదు. కానీ ఊరి చివరి పొలాలకు ఇంకా నీళ్ళు అందలేదు. కాలువకు ఎగువన ఉన్న ఊరివాళ్ళు రాత్రుళ్ళు దొంగతనంగా తూములు ఎత్తుకుంటున్నారని వీళ్ళ అనుమానం. పన్నెండింటికి రెండు ట్రాక్టర్లలో వెళ్ళి తేల్చుకోవాలని నిశ్చయించుకున్నారు. నన్ను చూసి, తాము కదిలారా లేదా అని చూడటానికి ఎగువ ఊరివాళ్ళు పంపిన మనిషి అనుకున్నారు.

"పై ఊరోళ్ళ మనిషైతే బుక్కెందుకు? ఆఫీసు సారేమో" అన్నాడొకడు.

"ఆఫీసు సారు సైకిల్ మీదొస్తడా? చక్రానికి దారం కట్టుకోనొస్తడా?"

"మంత్రం దారమేమోరా."

అప్పుడు బావ, నా మేలు కోరి, జీవితంలో నేను మరిచిపోలేని మాట అన్నాడు. "అయ్యో, మావోడు గసొంటోడు కాదు. లెక్కలోడు. పారే నీళ్ళను సూసి ఎంత పోతున్నయో చెప్తడు. మీ నీళ్ళు తక్కువొస్తున్నయా లేదా, కావాలంటే కొలిపియ్యిరి."

బావ వైపు చూశాను. సాయం చేశానన్న తృప్తితో నవ్వుతున్నాడు.

"గీ పోరగాని లెక్కతోటి మనకేం పని? నడువుండ్రి, టైమైతున్నది" అన్నాడు పటేల్.

గట్టు మీద కూర్చున్న ఒక అవ్వ లేచింది. అరెకరం మనిషి. ఊరందరి పొలాల తర్వాత చివరన ఉన్న పొలం ఆమెది. "కొలువనియ్యి పటేలా. వాడు కొలిస్తె నీకేం పోతది? మీరు ట్రాక్టర్లెక్కి పోయి తలకాయలు పగలగొట్టుకున్నంక నా వరి ఈనుతదా? నా మడి నెర్రెలిచ్చింది. నా కాలు పట్టేటంత నెర్రె. ఇయ్యాల తడవకుంటె పొట్టలోనె ఎండిపోతది." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు నిజంగ కొలుస్తవా బిడ్డా, భయానికి అవునంటున్నవా?" అంది.

రెండూ నిజమేనని చెప్పాను.

కొలిచే పద్ధతి ఒక పాత పుస్తకంలో చదివిందే. నీళ్ళలో తేలే వస్తువును వదిలి, తెలిసిన దూరం పోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడాలి. వెడల్పు, లోతు తెలిస్తే మిగతాది గుణకారం. తేలే వస్తువు కోసం వెతుకుతుంటే బావ పక్కనున్న తోట కంచె కింద రాలిన బత్తాయి కాయ ఒకటి తెచ్చాడు. నిండుగా మునిగీ మునగకుండా తేలుతుంది, గాలికి కొట్టుకుపోదు. ఇంతకంటే మంచిది లేదు. తూము నుంచి పొలాలకు పోయే కాలువకు సిమెంటు వేశారు కాబట్టి వెడల్పు అంతటా ఒక్కటే. తూము దగ్గర నా సైకిల్ చక్రాన్ని ఇరవై ఐదు చుట్లు తిప్పి యాభై ఐదు మీటర్లు గుర్తు పెట్టాను. లోతు పద్దెనిమిది అంగుళాలు. కాయ వంద సెకన్లలో వచ్చింది. చేతి గడియారం చూస్తూ నేను, కాయ వెంట పరుగెడుతూ బావ, మా వెంట ముప్పై అయిదు మంది. (ఒక బత్తాయి కాయకు అంత ఊరేగింపు జరగడం నేను మళ్ళీ చూడలేదు.)

"మంచిగొస్తున్నయా, తక్కువొస్తున్నయా?" అన్నారందరూ.

తూము దగ్గర రావాల్సినంత నీరు వస్తోంది. గోడ మీది అంకె కూడా అదే చెబుతోంది. మరి చివరి దాకా ఎందుకు పోవడం లేదు? తోట దాటాక, పొలాలు మొదలయ్యే చోట మళ్ళీ కొలుద్దామన్నాను. మధ్యలో వేరే తూమూ పాయా ఏమీ లేవని అందరూ చెప్పారు. అక్కడ మళ్ళీ ఇరవై ఐదు చుట్లు, మళ్ళీ కాయ. లోతు పదిహేను అంగుళాలు. కాయ నూట ఇరవై ఐదు సెకన్లకు వచ్చింది.

లెక్క మనసులోనే తేలిపోయింది. పద్దెనిమిదిలో పదిహేను అంటే ఆరింట అయిదు వంతులు. దాన్ని నూట ఇరవై ఐదులో వంద, అంటే అయిదింట నాలుగు వంతులతో గుణిస్తే మూడింట రెండు. పై నుంచి వచ్చే నీళ్ళలో సరిగ్గా మూడో వంతు ఈ రెండు గుర్తుల మధ్యే మాయమవుతోంది. పై ఊరికీ దీనికీ సంబంధం లేదు. నేను తలెత్తి ఆ మధ్య భాగాన్ని చూశాను. అక్కడున్నది ఒక్క బత్తాయి తోటే. చుట్టూ నేలంతా పగుళ్ళిచ్చి ఉంటే ఆ చెట్ల పాదుల్లో మట్టి నల్లగా, తడిగా ఉంది. తోట ముందు, గట్టు మీద, అప్పుడే కోసిన గడ్డి చిన్న కుప్పగా పడి ఉంది. ఆ కుప్ప మీద ఒక కాలు పెట్టి, ముప్పై అయిదు మంది అటూ ఇటూ పరుగెత్తుతున్నా కదలకుండా నిలబడి ఉన్నాడు పటేల్. ఆయన నన్నే చూస్తున్నాడు.

"తోట ఎవరిది బావా?" అన్నాను మెల్లగా.

"పటేల్‌ది. కాయ తెస్తుంటె అవ్వ చెప్పింది" అన్నాడు బావ.

ఆ క్షణంలో నాకు వచ్చిన భయాన్ని కొలిచే సాధనం ఇప్పటికీ దొరకలేదు. మూడో వంతు పోతోందని నిజం చెబితే ఎక్కడ పోతోందని అడుగుతారు. చూపిస్తే గడ్డి లాగుతారు. గడ్డి కింద గొట్టం ఉంటుంది. కర్రలన్నీ సిద్ధంగా ఉన్నాయి, ట్రాక్టర్ ఎక్కాల్సిన పని కూడా లేదు. మొదటి దెబ్బ పటేల్‌కు పడుతుందో, ఆయన కర్ర నుంచి నాకు పడుతుందో తెలియదు. నీళ్ళన్నీ సరిగ్గా ఉన్నాయని అబద్ధం చెబితే, మరి తక్కువెందుకొస్తున్నాయి, పై ఊరివాళ్ళ పనే అని పన్నెండింటికి బయల్దేరతారు. చిట్టచివర అవ్వ నిలబడి, రెప్ప వేయకుండా నా నోటి వైపు చూస్తోంది.

"చెప్పవేందిరా? ఎంతొచ్చింది?" అన్నాడు గుంపులోంచి ఒకడు.

నేను వంగి కాయను నీళ్ళలోంచి తీశాను. "కాయ గట్టుకు తగిలిందండీ. కొలత తప్పింది. మళ్ళీ కొలవాలి."

"తగలలేదే, నేను పక్కనే ఉన్న గద" అన్నాడు బావ. వాడి కాలు తొక్కాను.

"ఇంతమంది పక్కన పరుగెత్తితే నీళ్ళు అదురుతాయి. అందరూ తూము దగ్గరికి వెళ్ళి చెట్టు కింద కూర్చోవాలి. గంటసేపు నీళ్ళు నిలకడ మీదికి రావాలి. ఇటువైపు ఒక్కరే ఉండాలి, కాపలాకు. పెద్దమనిషి ఉంటే మంచిది. పటేల్ ఉంటారు."

నీళ్ళు అదరడమేమిటో నాకూ తెలియదు. ఈ మాటలన్నీ ఇప్పుడు రాస్తుంటే గొప్ప ఎత్తులా కనిపిస్తున్నాయి. నిజానికి నా ఎత్తు ఒక్కటే. ఆ వెదురు కర్రకూ నా తలకూ మధ్య దూరం పెంచడం. తూము దాకా వెళితే మూడు వందల మీటర్లు వస్తుంది. బావ సైకిలూ అక్కడే ఉంది, నాది నా చేతిలోనే ఉంది.

ట్రాక్టర్లవాళ్ళు సణిగారు. "గంట ఆగితె ఏం కొంప మునుగుతది? ముంచెటందుకు నీళ్ళన్న ఉండాలె గద" అంది అవ్వ. అందరూ నవ్వి చెట్టు కిందికి నడిచారు. ఆ గంటలో బావ వాళ్ళ సద్దిలో సగం తిన్నాడు. నేను మంచినీళ్ళు కూడా మింగలేకపోయాను. తోట వైపు చూడకూడదనుకుంటూనే రెండుసార్లు చూశాను. రెండోసారి గట్టు మీద మనిషి కనిపించలేదు. వంగి ఉన్నాడేమో. నేను వెంటనే అటు వీపు పెట్టి కూర్చున్నాను.

పన్నెండుంబావుకి మళ్ళీ కొలిచాం. కింది గుర్తు దగ్గర లోతు పద్దెనిమిది అంగుళాలు. కాయ నూట రెండు సెకన్లలో వచ్చింది. గడ్డి కుప్ప అక్కడ లేదు. ఆ చోట కొత్త మట్టి ఉంది. పటేల్ చేతులు మోచేతుల దాకా బురదగా ఉన్నాయి. "గట్టు జర తెగుతున్నదని సరిచేసిన" అన్నాడు ఎవరూ అడగకుండానే.

"నీళ్ళు నిండుగానే ఉన్నాయి. పై ఊరివాళ్ళ తప్పేమీ లేదు. గట్టు తెగడం వల్లే తక్కువ పోయాయి" అని ప్రకటించాను. చివరి వాక్యంలో అబద్ధం ఎంత శాతమో మీరే నిర్ణయించండి. అవ్వ పొలానికి ముందు ఇంకా ఆరుగురు నీళ్ళు పెట్టుకోవాలి. ఇందాకటి ధారైతే ఒక్కొక్కరికి గంట, ఆమె వంతు ఆరున్నరకు వచ్చేది. అప్పటికి తూము మూసి అరగంట. ఇప్పుడు ఒక్కొక్కరికి నలభై నిమిషాలు. "నాలుగున్నరకు మీ మడిలోకి వస్తాయి" అన్నాను.

"వచ్చెదాక నువ్వీడనే ఉంటవ్" అంది అవ్వ. అందరికీ ఆ మాట నచ్చింది. ట్రాక్టర్ల తాళాలు జేబుల్లోకి వెళ్ళాయి గానీ కర్రలు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి.

ఆ నాలుగు గంటలు నేను ఆ గట్టు మీద కూర్చుని గడియారం వైపు చూసినన్ని సార్లు జీవితంలో మళ్ళీ చూడలేదు. ఒకరి తర్వాత ఒకరు మడి నింపుకుని మట్టితో గండి పూడుస్తున్నారు. నాలుగున్నర అయింది. నీళ్ళు రాలేదు. నాలుగూ ముప్పై అయిదు. ఒకడు కర్ర నేలకు తాటించాడు, మామూలుగానే తాటించి ఉంటాడు, నేను లేచి నిలబడ్డాను. నాలుగూ నలభై. బావ కూడా నవ్వడం మానేశాడు. "లెక్క తప్పిందారా?" అన్నాడు చెవిలో. ఆ మాట నేను ఎవరి నోటా వినకూడదనుకున్న మాట. నాలుగూ యాభైకి అవ్వ మడి మూలన నెర్రెలోంచి బుసబుసమని గాలి బుడగలు వచ్చాయి. ఆ వెంట నురగతో, ఎండుగడ్డి ముక్కలతో, సన్నటి నీటి నాలుక లోపలికి వచ్చింది.

అవ్వ అందులో కాలు పెట్టి నిలబడింది. తర్వాత, "ఇరవై నిమిషాలు తప్పినవ్" అంది.

"అవునవ్వా."

"ఎండిన భూమి ముందు తాను తాగుతది, అటెన్క పక్కదానికి ఇడుస్తది. గది నీ బుక్కుల రాసి లేదా?"

లేదని చెప్పాను. ఆ సాయంత్రమే రాసుకున్నాను.

అరెకరం ఆరింటిలోపే తడిసింది. మేము అప్పటికి సైకిళ్ళెక్కాం. పటేల్ నా నోటుబుక్కు తిరిగిచ్చి, తన మోపెడ్ తీసి, "కోదాడ రోడ్డు ఎక్కిచ్చొస్త, కొత్తోళ్ళు గద" అన్నాడు. వద్దనే ధైర్యం నాకు లేదు. వాలుపొద్దు కాలువ నీళ్ళ మీద మెరుస్తోంది. బావ ముందు పాడుకుంటూ పోతున్నాడు, నాకూ నీళ్ళకూ మధ్య మోపెడ్ మీద ఆయన. పద్నాలుగు అడుగుల దారి నాలుగు అడుగులైనట్టు అనిపించింది. నా సైకిల్ హ్యాండిల్‌కు ఒక సంచి తగిలించాడు, నిండా బత్తాయిలు. (అవి కోదాడలో బావే తిన్నాడు. నాకు ఒక్కటి కూడా దిగలేదు.) వంతెన కనిపించేదాకా నేను చుట్లు లెక్కపెట్టడం కూడా మరిచిపోయాను.

వంతెన దగ్గర బండి ఆపాడు. "బిడ్డా, మొదటిసారి కొలిచినప్పుడు ఎంతొచ్చింది?"

నాకు అంకె నాలుక చివర ఉంది. మూడో వంతు. ఎవరైనా అంకె అడిగితే చెప్పకుండా ఉండటం నాకు అంతవరకు చేతకాలేదు. "గుర్తు లేదు పటేలా" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. తర్వాత కాలువలోకి చూశాడు. "నీకు గుర్తు లేకున్నా ఏం కాదు" అన్నాడు. "నాకుంటది." మోపెడ్ తిప్పుకుని గట్టు వెంట నెమ్మదిగా వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. ఈ సంగతి విన్నవాళ్ళు ఎంత తెలివిగా నడిపావయ్యా అంటారు. కాదు, భయపడ్డానంతే అంటే వినయం అనుకుంటారు. నాకైతే సందేహం లేదు. గుండె ధైర్యం ఉన్న కుర్రాడైతే గట్టు మీద నిలబడి మూడో వంతు అని గట్టిగా చెప్పేవాడు. అది సరైన లెక్కే. కాకపోతే ఆ సాయంత్రం అవ్వ మడిలోకి నీళ్ళు రావడానికి బదులు ఆ ఊళ్ళోకి పోలీసు జీపు వచ్చేది. అందుకని అప్పుడప్పుడు ఆ వణుకుడు కుర్రాడి భుజం ఒకసారి తట్టాలనిపిస్తుంది. తడితే ఉలిక్కిపడి కాలువలో పడతాడేమోనని ఊరుకుంటాను.